పన్నెండుమందిలో ఒకరిగా కూర్చోవాలంటే

టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక పట్టణం నుంచి నలభై ఆరేళ్ల సోదరి ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కాబట్టి, సమాధానానికి అవసరమైనంత మేరకే దాని సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడ గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక అమెరికా వెళ్లారు. నిరుడు పౌరసత్వం వచ్చింది. ఓటరుగా నమోదై ఒకసారి ఓటు కూడా వేశారు. ఇప్పుడు తమ కౌంటీలోని జిల్లా కోర్టు నుంచి జ్యూరీ (కేసు విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) సమన్లు వచ్చాయి. రెండేళ్ల క్రితం అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమవైపు చచ్చుబడిపోయింది. స్నానం, మందులు, తిండి, మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం అన్నీ ఈవిడ చేతుల మీదుగానే జరగాలి. అందుకే ఒక దంతవైద్యశాలలో చేస్తున్న బిల్లింగ్ పనిని రోజుకు నాలుగు గంటలకు తగ్గించుకున్నారు. ఆ నాలుగు గంటలూ ఒక సహాయకురాలు వచ్చి అత్తగారిని చూసుకుంటుంది. జీతం గంటల లెక్కన కనుక, కోర్టుకు వెళ్లిన రోజు డబ్బు రాదని యజమాని ముందే చెప్పారు.

సమన్లు చూసి భర్త, "మూడేళ్ల క్రితం నాకూ వచ్చింది, చెత్తబుట్టలో వేశాను, ఏమైంది?" అన్నారట. ఒక స్నేహితురాలు "సిటిజన్ కాదు అన్న గడిలో టిక్కు పెట్టి పంపేసెయ్" అంది. ఇంకొకరు ఇంగ్లీషు రాదని చెప్పమన్నారు. అత్తగారు మాత్రం "ఒకరికి శిక్ష వేసే పాపం మనకెందుకమ్మా" అన్నారు. వీటన్నిటి వెనుక ఆవిడ మనసులో మరొకటి ఉంది. 2011లో ఆవిడ తమ్ముడి మీద అతని భార్య, భర్త, అత్తింటివారి వేధింపులకు సంబంధించిన 498ఏ సెక్షన్ కింద కేసు పెట్టింది. అమ్మానాన్నల పేర్లు కూడా అందులో చేర్చారు. తొమ్మిదేళ్లు వాయిదాల చుట్టూ తిరిగాక ముగ్గురూ నిర్దోషులని తీర్పు వచ్చింది గానీ, అప్పటికి తండ్రి కన్నుమూశారు. "జ్యూరీ ఎంపికలో, మీ ఇంట్లో ఎవరి మీదైనా కేసు ఉండేదా అని అడుగుతారట. అందరి ముందూ ఈ సంగతి చెప్పాలా? దాచిపెడితే తప్పా? కోర్టు అంటేనే వణికే నేను ఇంకొకరి తలరాత నిర్ణయించగలనా? ఒక్క మాట మీకు మాత్రమే చెబుతున్నాను, నాకు లోలోపల వెళ్లాలని ఉంది" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నాలుగైదు చిక్కులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. అత్తగారి సేవ, జీతం నష్టం, మీ వారి మాట, పాపభీతి, తమ్ముడి కేసు. వీటిలో కొన్నిటికి చట్టంలోనే స్పష్టమైన సమాధానం ఉంది, కొన్నిటికి మీరే సమాధానం వెతుక్కోవాలి. చట్టం తేల్చేసిన వాటిని ముందు పక్కన పెడితే మీ మనసు తేల్చుకోవలసింది ఎంతో మీకే తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు మీ స్నేహితురాలి సలహా గురించి చెప్పాలి, ఎందుకంటే మీరు విన్నవాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది అదే. టెక్సస్‌లో పౌరులు కామంటూ జ్యూరీ నుంచి తప్పుకున్నవారి జాబితాను కోర్టు క్లర్కు ఓటర్ల నమోదు అధికారికి పంపాలని చట్టం ఉంది. ఆ జాబితా ఆధారంగా ఓటరు నమోదు రద్దు చేయవచ్చు, ప్రాసిక్యూటర్ విచారణా జరిపించవచ్చు. మీరు నిరుడు ఓటు వేశారు. అంటే ఆ గడిలో టిక్కు పెట్టిన మరుక్షణం, పౌరురాలు కాకుండానే ఓటు వేశానని మీ చేత్తో మీరే రాసి సంతకం చేసినట్టవుతుంది. నిజానికి ఆ గడి ఉన్నది పౌరసత్వం లేనివారి కోసం. జ్యూరీ జాబితాలను ఓటర్ల పట్టికతో పాటు డ్రైవింగ్ లైసెన్సుల వివరాల నుంచి కూడా తయారు చేస్తారు కాబట్టి గ్రీన్ కార్డు, వీసా మీద ఉన్నవారికీ సమన్లు వస్తుంటాయి. అలాంటివారు తాము పౌరులం కామని తప్పక తెలియజేయాలి. పొరపాటున పౌరులమని సంతకం పెడితే వారి ఇమ్మిగ్రేషన్‌కే ముప్పు. మీ పరిచయస్తుల్లో గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ సంగతి మీరే చెప్పండి.

ఇంగ్లీషు రాదని చెప్పడమూ అబద్ధమే. మీరు ఇంటర్వ్యూలో ఇంగ్లీషు చదివి, రాసి, మాట్లాడి పౌరసత్వం తెచ్చుకున్నారు, రోజూ ఇన్సూరెన్సు కంపెనీలతో ఫోన్లో మాట్లాడి బిల్లులు తేలుస్తున్నారు. మీ యాస గురించి పడే సంకోచం నాకు అర్థమవుతుంది గానీ, యాస ఏ చట్టంలోనూ అనర్హత కాదు. సాక్షి చెప్పేది అర్థం కావాలి, తోటి జ్యూరర్లతో మాట్లాడగలగాలి, అంతే. టెక్సస్‌లో సమన్లను పట్టించుకోకపోయినా, మినహాయింపు కోసం తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినా కోర్టు 100 నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా విధించవచ్చు. మీ వారికి ఏమీ కాలేదన్న మాట నిజమే కావచ్చు; గైర్హాజరైన ప్రతి ఒక్కరి వెంటా ఏ కోర్టూ పడలేదు. ఎవరి వెంట పడుతుందో మాత్రం మనం ముందుగా చెప్పలేం. అన్నట్టు, జ్యూరీకి రాలేదని వారంటు ఉందంటూ ఫోన్ చేసి, గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పమనే మోసగాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. సమన్లకు రాతపూర్వకంగా జవాబిచ్చి నకలు దాచుకున్నవారిని ఆ బెదిరింపులు అంతగా భయపెట్టలేవు.

ఇప్పుడు అత్తగారి సంగతి. ఇక్కడ మీరు నేరం చేస్తున్నట్టు బాధపడవలసిన అవసరం ఏమాత్రం లేదు. తన పనులు తాను చేసుకోలేని వ్యక్తిని ప్రధానంగా చూసుకుంటున్నవారు జ్యూరీ నుంచి మినహాయింపు కోరవచ్చని టెక్సస్ చట్టం నేరుగా చెబుతోంది. పన్నెండేళ్ల లోపు పిల్లలను విడిచి రాలేని తల్లిదండ్రులకు ఇచ్చినట్టే ఈ వెసులుబాటునూ ఇచ్చారు. సమన్ల కాగితం మీద ఆ కారణం ఉంటుంది. గుర్తు పెట్టి, సంతకం చేసి పంపితే చాలు. నాలుగు గంటల సహాయకురాలు ఉన్నంత మాత్రాన ప్రధాన బాధ్యత మీది కాకుండా పోదు. ఇది మీకున్న హక్కు. వాడుకోవడమూ మానుకోవడమూ మీ ఇష్టం. మినహాయింపు ఉంది కాబట్టి వెళ్లకూడదని ఎవరూ అనరు. దీన్ని ఎంచుకుంటే ఈ సమన్లతో మీకు పని తీరిపోతుంది, తర్వాత ఎప్పుడో మళ్లీ రావచ్చు. అయితే మీరు ఉత్తరం చివర రాసిన ఆ ఒక్క వాక్యం మాత్రం అలాగే మిగిలిపోతుంది.

మధ్యలో ఇంకో దారి ఉంది. గడచిన ఏడాదిలో ఇదివరకు వాయిదా తీసుకోనివారు, సమన్లలో ఉన్న తేదీకి ముందే క్లర్కును అడిగితే, ఆరు నెలల లోపు మరో తేదీ ఇస్తారు. మీ ఆడపడుచు హ్యూస్టన్‌లో ఉంటారనీ, వేసవిలో పిల్లలతో వచ్చి తల్లి దగ్గర కొన్నాళ్లు ఉంటారనీ రాశారు. ఆ రోజుల్లో పడేలా తేదీ అడిగితే అత్తగారి బాధ్యత కన్నకూతురి చేతుల్లో ఉంటుంది, మీరు నిశ్చింతగా వెళ్లవచ్చు. దీనిలోనూ కష్టం ఉంది. విచారణ ఒక్క రోజులో ముగియకపోవచ్చు, రెండోసారి వాయిదా అంత తేలిగ్గా దొరకదు. జీతం విషయంలో నేను మీకు ఊరట చెప్పలేను. 2023 నుంచి టెక్సస్‌లో జ్యూరర్‌కు మొదటి రోజు కనీసం 20 డాలర్లు, తర్వాత రోజుకు 58 డాలర్లు ఇస్తున్నారు. ప్రైవేటు యజమాని ఆ రోజులకు జీతం ఇచ్చి తీరాలని అక్కడ చట్టం లేదు. జ్యూరీకి వెళ్లినందుకు ఉద్యోగం నుంచి తీసేయకూడదని మాత్రం ఉంది. ఆ రక్షణ శాశ్వత ఉద్యోగులకని చట్టంలో రాసి ఉంది కాబట్టి, గంటల లెక్కన పనిచేసే మీరు మీ నియామకం ఎలాంటిదో ముందే అడిగి తెలుసుకోండి.

మూడో దారి సమన్లలో ఉన్న తేదీకే వెళ్లడం. అసలు అక్కడ జరిగేదేమిటో తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుందని నా నమ్మకం. ఉదయాన్నే వెళ్లి, తనిఖీ దాటి, పెద్ద హాలులో చాలామందితో కలిసి కూర్చుంటారు. పేర్లు పిలిచి కొందరిని ఒక కోర్టు గదికి పంపుతారు. నేరారోపణల్లో అత్యధిక భాగం విచారణ దాకా రాకుండా ఒప్పందాలతోనే ముగుస్తాయి, ఒక్కోసారి జ్యూరర్లు హాలులో ఎదురుచూస్తుండగానే ముగుస్తాయి. అందువల్ల పొద్దున వెళ్లి, ఏ కేసూ వినకుండానే సాయంత్రానికి ఇల్లు చేరేవారు చాలామంది ఉంటారు. గదిలోకి వెళ్లినవారి చేత, అడిగిన ప్రశ్నలకు నిజమే చెబుతామని ప్రమాణం చేయిస్తారు. అప్పుడు జడ్జి, ఇరుపక్షాల న్యాయవాదులు ప్రశ్నలు వేసి, నిష్పక్షపాతంగా ఉండలేరని తేలినవారిని పంపేస్తారు. ఆపైన కారణం చెప్పకుండా తొలగించే అవకాశం కూడా ఒక్కో పక్షానికి కొంతమంది వరకు ఉంటుంది. చివరికి మిగిలినవారే జ్యూరీ. జిల్లా కోర్టులో అయితే పన్నెండు మంది, చిన్న కోర్టుల్లో ఆరుగురు.

మీ తమ్ముడి కేసు గురించి అడిగేది ఆ ప్రశ్నల సమయంలోనే. అలాంటి ప్రశ్న రావడానికి చాలా అవకాశం ఉంది, మీరు దానికి నిజమే చెప్పాలి. దాచితే మీ ప్రమాణం అబద్ధమవుతుంది; తర్వాత ఆ సంగతి బయటపడితే తీర్పును రద్దు చేసి విచారణ మళ్లీ మొదటి నుంచి జరపమని అడిగే వీలు కలుగుతుంది. ఆ భారం మోసేది ఆ కేసులోని నిందితుడో బాధితురాలో. ఏళ్ల తరబడి సాగే విచారణ ఒక కుటుంబాన్ని ఏం చేస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

కానీ నిజం చెప్పడానికి, నలుగురి ముందు చెప్పడానికి మధ్య తేడా ఉంది. ఆ గదిలో మీ పట్టణపు తెలుగువారెవరైనా ఉంటారేమోనన్న మీ బెంగ సహజమైనదే. వ్యక్తిగతమైన సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు, న్యాయవాదుల సమక్షంలో జడ్జికి విడిగా చెప్పుకునే అవకాశాన్ని జ్యూరర్ కోరవచ్చని 1984లో ప్రెస్-ఎంటర్‌ప్రైజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ ప్రశ్న వచ్చినప్పుడు చెయ్యెత్తి, "దీనికి జవాబు నేను జడ్జి గారికి విడిగా చెప్పాలనుకుంటున్నాను" అంటే సరిపోతుంది. అలా కోరడం అక్కడ మామూలే, మీ వైపు ఎవరూ వింతగా చూడరు. చెప్పేటప్పుడు తమ్ముడి కథ అంతా విప్పవలసిన అవసరమూ లేదు. భారతదేశంలో కుటుంబ కేసు ఒకటి నడిచింది, మా వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు, దాని ప్రభావం నా మీద ఇంత ఉంది అని చెప్పండి. మిగతాది వాళ్లు అడుగుతారు.

ఆ ప్రభావం ఎంత అన్నది మాత్రం వెళ్లేలోపు మీకు మీరే నిజాయితీగా తేల్చుకోవలసిన విషయం. భార్య మీద చెయ్యి చేసుకున్నాడన్న ఆరోపణతో ఒక మగాడు ఎదురుగా నిలబడి ఉంటే, ఆరోపించిన స్త్రీ బోనెక్కి ఏడుస్తుంటే, ఆమె మాటలు విన్న క్షణంలో మీకు మీ మరదలి ముఖం గుర్తొస్తుందా? ఆమె చెప్పింది వినకముందే అబద్ధమనిపిస్తుందా? అలా అనిపిస్తుందంటే ఆ సంగతి జడ్జికి చెప్పాలి. ఆ కేసు నుంచి మిమ్మల్ని పంపేస్తారు, దానివల్ల మీకు చెడ్డపేరేమీ రాదు. మీ తమ్ముడికి అన్యాయం జరిగిందన్నది మీ అనుభవం. ఆ గదిలో నిలబడిన స్త్రీది మరో జీవితం, ఆమె చెప్పేది నిజం కావచ్చు. ఈ రెండింటినీ విడదీసి చూడగలననుకుంటే, ఆరోపణకూ రుజువుకూ మధ్య దూరం ఎంతో మీకు తెలిసినంతగా ఆ ప్యానెల్లో చాలామందికి తెలిసి ఉండదు. మీకు రాబోయేది అలాంటి కేసే అన్న నియమమూ లేదు. దొంగతనం కావచ్చు, తాగి కారు నడిపిన కేసు కావచ్చు, రోడ్డు ప్రమాదంలో నష్టపరిహారం కోసం వేసిన సివిల్ దావా కావచ్చు.

అత్తగారు అన్న పాపం మాటను నేను తేలిగ్గా తీసుకోను. టెక్సస్‌లో అది ఊరకనే అన్న మాట కూడా కాదు. అమెరికాలో సాధారణంగా జ్యూరీ నేరం జరిగిందా లేదా అన్నదే తేలుస్తుంది, శిక్ష జడ్జి వేస్తారు. టెక్సస్‌లో నిందితుడు కోరుకుంటే శిక్షను కూడా జ్యూరీయే నిర్ణయిస్తుంది. అందుకే ఎంపికప్పుడే, ఈ నేరానికి చట్టంలో ఉన్న కనిష్ఠ శిక్ష నుంచి గరిష్ఠ శిక్ష దాకా దేన్నైనా ఆలోచించగలరా అని అడుగుతారు. మీ అంతరాత్మ అందుకు ఒప్పుకోకపోతే అదే మాట చెప్పవచ్చు. అది సాకు కాదు, నిజాయితీగా ఇచ్చిన జవాబు అవుతుంది. అయితే ఒకటి ఆలోచించమని అత్తగారికీ చెప్పండి. నేరం సందేహాతీతంగా రుజువు చేయవలసిన భారమంతా ప్రభుత్వానిదే. తీవ్రమైన నేరాల్లో పన్నెండు మందీ ఏకమైతే తప్ప దోషి అనకూడదు. ఆ నియమం రాష్ట్రాలన్నిటికీ వర్తిస్తుందని 2020లో రామోస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మీకు సందేహం తీరకపోతే, మిగతా పదకొండు మంది విసుక్కున్నా సరే, తీరలేదని చెప్పే అధికారం మీకు ఉంది. మీరు వెళ్లకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు, మరొకరు కూర్చుంటారు.

కోర్టు అంటే మీకు కలిగే వణుకుకు మరో కారణం కూడా ఉందని నా ఉద్దేశం. మనవాళ్లకు జ్యూరీ అనుభవం లేదు. ఒకప్పుడు మన దేశంలోనూ జ్యూరీ ఉండేది. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అన్నప్పుడు సెషన్స్ జడ్జి ఆ తీర్పును అంగీకరించక హైకోర్టుకు పంపారు. హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. జ్యూరీని ఎత్తివేయాలని అంతకుముందే, 1958లో, లా కమిషన్ సూచించింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇక దానికి చోటే లేకుండా పోయింది. మీకు తెలిసిన కోర్టులో సామాన్యులు వరండాలో నిలబడి పిలుపు కోసం ఎదురుచూసేవారే తప్ప, లోపల కూర్చుని నిర్ణయించేవారు కారు.

మీరు ఇప్పుడు ఉంటున్న రాష్ట్రంలో కూడా ఆ కుర్చీ అందరికీ ఊరికే రాలేదు. టెక్సస్‌లోని జాక్సన్ కౌంటీలో ఇరవై ఐదేళ్ల పాటు మెక్సికన్ పేరున్న మనిషి ఒక్కరు కూడా జ్యూరీలో కూర్చోలేదని పీట్ హెర్నాండెజ్ అనే నిందితుడి తరఫు న్యాయవాదులు నిరూపించారు. అలా ఒక సమూహాన్ని జ్యూరీకి దూరంగా ఉంచి వేసిన శిక్ష చెల్లదని 1954 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో టెక్సస్ ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించాకే అక్కడి స్త్రీలు జ్యూరీలో కూర్చోగలిగారు. ఇక మన సంగతి చూస్తే, 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు అంది, 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాక గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. ఇవన్నీ మిమ్మల్ని బలవంతంగా పంపడానికి చెప్పడం లేదు. భారతదేశంలో పుట్టిన ఒక స్త్రీ టెక్సస్ జ్యూరీలో కూర్చోవాలని కోరుకోవడం దాచుకోవలసిన విషయం కాదని మీకు తెలియాలనే రాశాను. పౌరసత్వ పరీక్షకు మీరు బట్టీ పట్టిన వంద ప్రశ్నల్లో, పౌరులకు మాత్రమే ఉండే ఒక బాధ్యత చెప్పమన్న ప్రశ్న కూడా ఉంది. జ్యూరీలో పనిచేయడం దానికి ఒక సరైన జవాబు.

మీ వారితో మాట్లాడేటప్పుడు ఆయన చేసిన పనిని తప్పుపడుతూ మొదలుపెట్టకండి. మాట అక్కడే ఆగిపోతుంది. మీకు వెళ్లాలని ఉన్నట్టు ఆయనకు తెలియదు. జీతం పోతుందని, అమ్మను ఎవరు చూస్తారని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. మీరు భయపడుతున్నారు కాబట్టి తప్పించుకునే దారి చూపించడం మేలు చేయడమే అనుకుని కూడా ఉండవచ్చు. ముందు మీ కోరిక చెప్పండి, ఆ తర్వాత ఆ రోజు ఇల్లు ఎలా నడవాలో మాట్లాడండి. సహాయకురాలిని మరికొన్ని గంటలు ఉండమనడమా, ఆయన ఇంటి నుంచి పనిచేయడమా, ఆడపడుచును రమ్మనడమా అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి. ఒకవేళ జ్యూరీకి ఎంపికైతే, విచారణ ముగిసేదాకా కేసు గురించి ఆయనతో సహా ఎవరితోనూ మాట్లాడకూడదు, ఇంటర్నెట్‌లో వెతకకూడదు, వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టకూడదు. సాయంత్రం ఇంటికి రాగానే ఏం జరిగిందని అడగడం మన ఇళ్లలో అలవాటు కాబట్టి, ఆ కట్టుబాటు గురించి ఆయనకూ అత్తగారికీ ముందే చెప్పి ఉంచండి.

మీరు ఏ దారి ఎంచుకున్నా సమన్లలో ఉన్న తేదీకి ముందే జవాబు క్లర్కుకు చేరాలి. మినహాయింపు అయినా, వాయిదా అయినా, వస్తున్నానన్న సమాధానమైనా రాతపూర్వకంగా పంపి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. వేసవి తేదీ అడగాలనుకుంటే, క్లర్కును సంప్రదించే ముందు, ఆడపడుచు ఏ వారాల్లో వస్తారో ఖాయం చేసుకోండి.